కృష్ణజింకకు ఇల్లేది?

పిల్లలూ! ముందుగా రెండు చిన్న ప్రశ్నలు.

అడవి జంతువులు ఎక్కడ ఉంటాయి? "ఇదీ ఒక ప్రశ్నేనా! అడవిలో ఉంటాయి" అంటారు మీరు.

సరే, రెండో ప్రశ్న. ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి. అక్కడొక రేగు పొద, ఇక్కడొక తుమ్మ మొక్క. నీడకు నిలబడదామంటే చెట్టు లేదు. అలాంటి నేల దేనికి పనికివస్తుంది? "దేనికీ పనికిరాదు, అది బంజరు" అంటారు. మీరే కాదు, పెద్దలు కూడా చాలామంది ఇదే జవాబు చెబుతారు.

ఈ రెండు జవాబుల్లోనూ పొరపాటు ఉంది. ఆ పొరపాటు వల్లనే మన దేశంలో ఒక అందమైన జంతువు దాదాపు అంతరించిపోయేదాకా వచ్చింది. ఒడ్డెక్కినా, దాని కష్టం పూర్తిగా తీరలేదు. ఆ జంతువే కృష్ణజింక. దాని కథ తెలుసుకుందాం రండి.

శామీర్‌పేట దారిలో

హైదరాబాదుకు ఉత్తరపు అంచున యాప్రాల్ ఉంది. ఒకప్పుడు అది పల్లె. చుట్టూ రాతి గుట్టలు, సీతాఫలం పొదలు, వానాకాలంలో పచ్చబడే గడ్డి బీళ్లు. ఇప్పుడు అక్కడ వరుసగా మేడలు లేచాయి. అక్కడి నుంచి హకీంపేట, తూముకుంట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పట్టుకుని వెళితే శామీర్‌పేట పెద్ద చెరువు వస్తుంది. ఆ ప్రాంతంలోనే జవహర్ జింకల పార్కు ఉంది. ఆ చుట్టుపక్కల బడులవారు పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లే చోటు అది.

జింకల పార్కులో అడుగుపెట్టగానే మనం ఏం చేస్తాం? "అదిగో జింక!" అని అరుస్తాం. అరుపు విని జింక పారిపోతుంది. ఈసారి వెళ్లినప్పుడు అరవకుండా నిలబడి దాని తలవైపు చూడండి. ఎందుకంటే మనం వాడే 'జింక' అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు కుటుంబాల జంతువులు ఉన్నాయి.

మొదటిది చుక్కల దుప్పి. దీని కొమ్ముకు చెట్టుకొమ్మకు ఉన్నట్లు శాఖలు ఉంటాయి. ఆ కొమ్ము అంతా ఎముకే. అది కొంతకాలానికి ఊడి పడిపోతుంది, మళ్లీ కొత్తది మొలుస్తుంది. 

రెండోది కృష్ణజింక. దీని కొమ్ముకు శాఖలు ఉండవు. మరమేకుకు ఉండే మర లాగా మెలికలు తిరిగి, రెండడుగుల దాకా పెరుగుతుంది. దాని మీద ఉంగరాలు తొడిగినట్లు గీతలుంటాయి. లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారైన తొడుగు. అది ఊడిపోదు, జీవితాంతం ఉంటుంది. మరి ఇలాంటి కొమ్ములు ఇంకా వేటికి ఉన్నాయి? ఆవుకు, గేదెకు, మేకకు, గొర్రెకు! అవును, కృష్ణజింక చుక్కల దుప్పి కంటే మీ ఇంటి మేకకే దగ్గర చుట్టం. ఈ కుటుంబంలోని జింకలను ఇంగ్లీషులో యాంటిలోప్ అంటారు. ఆఫ్రికా మైదానాలలో గుంపులు గుంపులుగా తిరిగే గజెల్, ఇంపాలా కూడా ఈ కుటుంబానివే.

మన పూర్వులకు ఈ తేడా బాగానే తెలుసు. మగ కృష్ణజింకకు 'ఇర్రి' అనీ, ఆడదానికి 'లేడి' అనీ తెలుగులో వేరే పేర్లే ఉన్నాయి. ఇర్రి వీపు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. పొట్ట తెలుపు, కళ్ల చుట్టూ తెల్లని వలయాలు. లేడి లేత గోధుమ రంగులో ఉంటుంది, సాధారణంగా కొమ్ములుండవు. మీ రాష్ట్ర జంతువు ఏదో తెలుసా? తెలంగాణకు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక. 

పరుగే ప్రాణం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కృష్ణజింక అడవి జంతువే గానీ అడవిలో ఉండదు. దట్టమైన చెట్ల మధ్య దానికి ఊపిరాడదు. దానికి కావలసింది చదునైన గడ్డి నేల. ఎందుకో దాని శరీరమే చెబుతుంది.

కళ్లు చూడండి. తలకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉంటాయి. మేస్తూనే ముందూ వెనుకా కూడా గమనించగలదు. దాని రక్షణ వాసన మీద కంటే చూపు మీదే ఎక్కువగా ఆధారపడింది. మధ్యలో చెట్లు అడ్డం వస్తే ఆ చూపు దేనికి?

కాళ్లు చూడండి. సన్నగా, పొడవుగా, ఉక్కు తీగల్లా ఉంటాయి. అపాయం కనిపించగానే గుంపులో ఒకటి గాలిలోకి ఎగురుతుంది. వెంటనే ఒకదాని వెనుక ఒకటి అన్నీ ఎగురుతాయి. ఆ తరువాత పరుగు! గంటకు 80 కిలోమీటర్ల వేగం. రహదారి మీద చాలా బస్సులు కూడా అంత వేగంతో పోవు. పొదలూ చెట్లూ ఉన్నచోట ఆ పరుగు సాధ్యమా?

పిల్లను చూడండి. లేడి ఒక కాన్పులో సాధారణంగా ఒక పిల్లనే కంటుంది. ఆ పిల్ల మొదటి రోజుల్లో తల్లి వెంట తిరగదు, గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది. తల్లి దూరంగా మేస్తూ, వేళకు వచ్చి పాలిచ్చి పోతుంది. ఆ గడ్డే దానికి ఊయల, ఆ గడ్డే దానికి తలుపు.

ఇంత వేగం దానికి ఎందుకు అవసరమైంది? నక్క కోసం గంటకు 80 కిలోమీటర్ల పరుగు అక్కరలేదు గదా! దీనికి జవాబుగా శాస్త్రజ్ఞులు చీతాను చూపిస్తారు. చీతా వేరు, మన చిరుతపులి వేరు. చిరుతపులి చెట్లెక్కి, పొంచి ఉండి వేటాడుతుంది. చీతా ఆరుబయట తరిమి పట్టుకుంటుంది. నేల మీద దానికంటే వేగంగా పరుగెత్తే జంతువు లేదు. అయితే ఆ పరుగు కొన్ని వందల మీటర్లే, తరువాత రొప్పుతూ ఆగిపోతుంది. ఒకప్పుడు మన దేశపు మైదానాలలోనూ చీతాలు ఉండేవి. వేల తరాల పాటు మందకొడి జింకలను చీతాలు తినేశాయి, వేగం గలవి బతికి పిల్లలను కన్నాయి. అలా ఈ వేగం వచ్చింది.

మన రాజులు, నవాబులు చీతాలను పట్టి, మచ్చిక చేసి, వాటిచేత కృష్ణజింకలను వేటాడించేవారు. అక్బరు చక్రవర్తి దగ్గర వేయి చీతాలు ఉండేవని చెబుతారు. పట్టగా పట్టగా ఇక్కడి చీతాలు అరుదైపోయాయి. 20వ శతాబ్దంలో కొందరు రాజులు ఆఫ్రికా నుంచి ఓడల్లో చీతాలను తెప్పించుకోవలసి వచ్చింది! చివరికి మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. చిత్తూరు ప్రాంతంలో ఒక చీతా కనిపించిన సంగతి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అదే సంవత్సరం అచ్చయింది. మన తెలుగు నేల మీద చీతా గురించి దొరికే చివరి కబుర్లలో అది ఒకటి. 2022లో నమీబియా నుంచి, 2023లో దక్షిణాఫ్రికా నుంచి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారన్న సంగతి మీరు విన్నదే.

మన పొలాల పక్కన మాత్రం తరిమే చీతా లేదు. అయినా కృష్ణజింక పరుగు తగ్గలేదు.

తుపాకీ తరువాత నాగలి

చీతా నోటి నుంచి తప్పించుకున్న ఇర్రి తుపాకీ నుంచి తప్పించుకోలేకపోయింది. గుర్రం మీద వెళ్లి వేటాడే రోజులలో వేటగాడికి శ్రమ ఉండేది. జీపు వచ్చింది, రాత్రిపూట కళ్లు చెదిరేట్లు చేసే సెర్చిలైటు వచ్చింది. ఇక వేట, వేటగా మిగలలేదు. ఒకప్పుడు లక్షల్లో ఉండిన కృష్ణజింకలు 1947 నాటికి సుమారు 80 వేలు మిగిలాయనీ, 1964 నాటికి 8 వేలకు పడిపోయాయనీ ఒక అంచనా.

తుపాకీతో పాటు నాగలి కూడా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి తిండిగింజలు కావాలి. బావులు తవ్వారు, కాలువలు తీశారు, బీళ్లను దున్నారు. అది తప్పని ఎవరూ అనలేరు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టాలి గదా! కానీ దున్నిన ప్రతి బీడూ ఏదో ఒక ఇర్రి మందకు ఇల్లు అన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇక్కడొక వింత చెప్పాలి. మన దేశంలో ఇవి తగ్గిపోతున్న రోజులలోనే అమెరికాలోని టెక్సాస్ గడ్డిమైదానాలలో హాయిగా పెరుగుతూ ఉండేవి. ఇక్కడి నుంచి తీసుకుపోయిన కొద్దిపాటి జింకల సంతానమే అవి. పాకిస్తాన్‌లో కృష్ణజింకలు పూర్తిగా అంతరించిపోగా, 1970లలో టెక్సాస్ నుంచి కొన్నింటిని తెప్పించి లాల్ సుహాన్రా అనే చోట పెంచారు. పక్క ఊరి చుట్టం భూగోళం సగం చుట్టివచ్చి ఇల్లు చేరినట్లు లేదూ!

1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే దానికి పులికి ఇచ్చినంత రక్షణ. చంపితే జైలు. ఆ చట్టం పని చేసింది. సంఖ్య మెల్లగా పెరిగింది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని 'అంతగా ప్రమాదం లేని జంతువుల' జాబితాలో ఉంచింది. ఒక జంతువును అంచు దాకా వెళ్లాక కూడా వెనక్కి తీసుకురావచ్చునని దీని కథ రుజువు చేస్తున్నది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ జింకలు పెరిగాయి, వాటి నేల పెరగలేదు.

కంచె లోపలి చిక్కు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారిలో వనస్థలిపురం ఉంది. ఒకప్పుడు అది నిజాం వేటభూమి. మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవం సందర్భంగా 1975లో అక్కడి జింకల వనానికి 'మహావీర్ హరిణ వనస్థలి' అని పేరుపెట్టారు. 1994లో అది జాతీయ పార్కు అయింది. వేట సాగిన నేల మీదే అహింసను బోధించిన మహాత్ముని పేరు! దాని విస్తీర్ణం సుమారు పద్నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. అప్పట్లో ఊరికి దూరం. ఇప్పుడు చుట్టూ కాలనీలు, రహదారులు. నగరం మధ్యలో అది ఒక ద్వీపంలా మిగిలిపోయింది.

ద్వీపంలో ఉంటే నష్టమేమిటి? లోపల కుక్క రాదు, వేటగాడు రాడు, గడ్డి ఉంది, నీళ్లున్నాయి గదా? నష్టం కంటికి కనిపించదు. మేనరికాలు వద్దని డాక్టర్లు ఎందుకు చెబుతారో విన్నారా? దగ్గరి బంధువుల మధ్య తరతరాలుగా పెళ్లిళ్లు జరిగితే, కుటుంబంలో దాగి ఉన్న లోపాలు పిల్లలలో బయటపడే అవకాశం ఎక్కువ. జింకలకూ అంతే. మైదానంలో అయితే వయసు వచ్చిన ఇర్రి పుట్టిన గుంపును విడిచి దూరంగా పోతుంది, వేరే గుంపును కలుస్తుంది. కంచె లోపల ఎక్కడికి పోతుంది? మంద చిన్నదైన కొద్దీ ఈ చిక్కు పెద్దదవుతుంది.

ఈ చిక్కును విప్పడానికి హైదరాబాదులోనే ఒక ప్రయోగశాల ఉంది. సి.సి.ఎం.బి. అనే పరిశోధన సంస్థకు చెందిన 'లాకోన్స్' అది. ఉండేది అత్తాపూర్‌లో. అంతరించిపోతున్న జంతువుల కోసమే దానిని ఏర్పాటు చేశారు. అక్కడ జంతువుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల కింద భద్రపరుస్తారు. అంత చలిలో జీవకణాలు చెడిపోకుండా ఏళ్ల తరబడి నిద్రపోయినట్లు ఉంటాయి. ఎక్కడో ఉన్న ఇర్రి వీర్యంతో ఇక్కడి లేడికి గర్భం కలిగించవచ్చు. జింకను లారీలో ఎక్కించి బెదరగొట్టే పని లేకుండానే కొత్త రక్తం వస్తుందన్నమాట. ఈ కృత్రిమ పద్ధతిలో 2006లో ఒక చుక్కల దుప్పి పిల్ల, 2007లో ఒక కృష్ణజింక పిల్ల పుట్టాయి. వాటికి స్పాటీ, బ్లాకీ అని ముద్దు పేర్లు పెట్టారు.

ప్రయోగశాల పిల్లను ఇవ్వగలదు. కానీ ఆ పిల్ల పరుగెత్తే మైదానాన్ని ఇవ్వలేదు.

కెన్యా నుంచి ఒక కబురు

గడ్డినేల పోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అరేబియా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్లాలి. అక్కడ కెన్యా దేశంలో, సోమాలియా సరిహద్దున గరిస్సా అనే ప్రాంతం ఉంది. అక్కడ హిరోలా అనే జింక ఉంటుంది. మన ఇర్రి లాగే ఇదీ ఆవు కుటుంబానిది, గడ్డినేల జీవి. కళ్ల మధ్య తెల్లని గీత, కళ్లజోడు పెట్టుకున్నట్లు ఉంటుంది. కళ్ల కింద పెద్ద గ్రంథులు ఉండడం వల్ల దీనిని 'నాలుగు కళ్ల జింక' అని కూడా అంటారు. దాని ప్రజాతిలో మిగిలినది ఇది ఒక్కటే. అంటే దీనికి అన్నదమ్ములు లేరు.

1970లలో హిరోలాలు పది వేలకు పైగా ఉండేవి. 1980లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వచ్చి వాటిలో చాలా భాగాన్ని పొట్టన పెట్టుకుంది. కరువూ తోడయింది. టీకాల పుణ్యమా అని ఆ రోగాన్ని భూమి మీద నుంచే తుడిచిపెట్టినట్లు 2011లో ప్రకటించారు. రోగం పోయింది. మరి హిరోలాలు తిరిగి పెరగాలి గదా? పెరగలేదు! ఇప్పుడు అవి 500కు మించి లేవు.

ఎందుకు పెరగలేదు? అక్కడి శాస్త్రజ్ఞులు పాత ఉపగ్రహ చిత్రాలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చూశారు. 1985లో గడ్డిమైదానంగా ఉన్న చోట ఇప్పుడు చెట్లు కనిపించాయి. ఆ చెట్లు ఎలా వచ్చాయి? ఇదొక గొలుసు కథ. దంతాల కోసం దొంగ వేటగాళ్లు ఏనుగులను చంపారు. ఏనుగు చెట్లను విరిచి, పెకలించి పారవేసే జంతువు. ఏనుగులు పోయాక చెట్లను అడ్డుకునేవారు లేరు. చెట్లు కమ్ముకుంటే కింద గడ్డి చచ్చిపోయింది. మిగిలిన గడ్డిని పశువుల మందలు మేశాయి. హిరోలాకు మేత లేదు, దూరం నుంచి సింహాన్ని చూసే వీలూ లేదు. దంతం కోసం ఏనుగు మీద పేల్చిన తుపాకీ ఎక్కడో ఉన్న జింకకు తగిలిందన్నమాట!

చెట్టు ఎక్కువైతే ఒక జంతువుకు చేటు అవుతుందని మీరెప్పుడైనా అనుకున్నారా?

అక్కడి పశుకాపరులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఇషాక్‌బిని అనే చోట తమ ఉమ్మడి నేలలో హిరోలాలకు చోటిచ్చారు. 2012లో మాంసాహార జంతువులు రాకుండా చుట్టూ కంచె వేసి, 48 హిరోలాలను లోపల వదిలారు. కొన్నేళ్లలోనే అవి రెట్టింపుకు మించాయి. మరికొన్ని చోట్ల అడ్డంగా పెరిగిన చెట్లను తొలగించి, గడ్డి విత్తనాలు చల్లుతున్నారు. అక్కడ జంతువును కాపాడడం అంటే గడ్డిని పండించడం!

ఇప్పుడు మన దగ్గరికి తిరిగి వద్దాం. మన గడ్డినేలల్లో కూడా మంచి మనసుతోనే బారులు తీర్చి చెట్లు నాటుతుంటాం. ఊరిలో, రోడ్డు పక్కన, చెట్లు కొట్టివేసిన అడవిలో మొక్క నాటడం ఎంతో మంచి పని. కానీ ఎప్పటి నుంచో గడ్డినేలగానే ఉన్నచోట అదే పని చేస్తే, కృష్ణజింక ఇంటికి మనమే గోడలు కట్టినట్లవుతుంది.

చేను మేసిన జింక

ఇక కథలో రెండో పక్షం కూడా వినాలి. అది రైతు పక్షం.

నంద్యాల జిల్లాలో రోళ్లపాడు అనే ఊరుంది. బట్టమేకపిట్ట అనే అరుదైన పెద్ద పక్షి కోసం అక్కడి గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అది ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన, అంతే. అక్కడ రక్షణ దొరికి కృష్ణజింకలు వేగంగా పెరిగాయి. నేల చిన్నది, నోళ్లు ఎక్కువ. అవి చుట్టుపక్కల పొలాల్లో పడ్డాయి. రాత్రి మొలకను మేస్తే పొద్దున రైతుకు మిగిలేది మోడు. దానితో అభయారణ్యం అంటేనే ఊరివారికి కోపం వచ్చింది. జింక చేసిన తప్పు పిట్టకు కూడా చుట్టుకుంది.

తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోనూ ఇదే గొడవ. కృష్ణా నది ఒడ్డున పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. రైతులు రాత్రింబవళ్లు చేను కాచుకోవలసి వస్తున్నది. చట్టం ప్రకారం జింకను కొట్టకూడదు. మరి పోయిన పంట మాటేమిటి? ఒక రైతు కొడుకుగానో కూతురుగానో మీరే ఆలోచించి చెప్పండి.

జింకలను పట్టి వేరేచోటికి తరలిస్తే? పట్టడం మాటలు కాదు. కృష్ణజింక మహా పిరికిది. తరిమి పట్టుకుంటే భయంతో, విపరీతమైన పరుగుతో దాని కండరాలు దెబ్బతింటాయి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, గుండె ఆగిపోవచ్చు. దెబ్బ తగలకుండానే ప్రాణం పోతుంది.

దీనికి ఉపాయం కూడా ఆఫ్రికా నుంచే వచ్చింది. దాని పేరు 'బోమా'. తూర్పు ఆఫ్రికావారి స్వాహిలీ భాషలో బోమా అంటే దడి, ఆవరణ. మైదానంలో చాలా దూరం పాటు రెండు పక్కలా గుడ్డతో, గడ్డి చాపలతో తెరలు కడతారు. అవి ఒకవైపు వెడల్పుగా మొదలై, పోనుపోను గరాటు లాగా ఇరుకవుతాయి. చివర లారీ నిలబెడతారు. జింకలను మెల్లగా గరాటు లోపలికి తోలుతారు. తెరకు అవతల మనుషులున్నా వాటికి కనిపించరు, గుడ్డను గోడ అనుకుని దూకవు. ఎవరూ ముట్టుకోకుండానే లారీ ఎక్కుతాయి! 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లా పొలాల నుంచి హెలికాప్టరు సాయంతో ఈ పద్ధతిలోనే 800కు పైగా కృష్ణజింకలను పట్టి అభయారణ్యాలకు తరలించారు.

పట్టడం తెలిసింది. మరి ఎక్కడ వదలాలి? మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది. వదలడానికి గడ్డినేల ఉండాలి గదా!

మనిషీ జింకా కలిసి బతకడం అసాధ్యమేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా దాటగానే ఒడిశాలో గంజాం జిల్లా వస్తుంది. అక్కడ భేట్నై, బల్లిపదర్ ఊళ్ల చుట్టూ కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. పూర్వం పెద్ద కరువు వచ్చినప్పుడు ఈ జింకలు కనిపించాకే వానలు కురిశాయని ఊరివారి నమ్మకం. అందుచేత పైరు మేసినా తరమరు, ఎవరైనా వేటకు వస్తే ఊరుకోరు. అక్కడ 2011 లెక్కలో రెండు వేల పైచిలుకు ఉన్న జింకలు పదేళ్లలో ఏడు వేలు దాటాయి. వానకు జింకకు సంబంధం లేకపోవచ్చు. కానీ ఆ నమ్మకం చేసిన మేలు మాత్రం కళ్ల ముందే ఉంది. అయితే భారమంతా రైతు మంచితనం మీదే వేయడం న్యాయం కాదు. నష్టపోయిన పంటకు వెంటనే పరిహారం అందితే ఆ మంచితనం పదికాలాలు నిలుస్తుంది.

మీరే చేసి చూడండి

గడ్డికి ఒక గొప్ప గుణం ఉంది. అది తెలిస్తే మైదానం గుట్టు తెలిసినట్లే. రెండు చిన్న కుండీలు తీసుకోండి. ఒకదానిలో జొన్న గింజలు, రెండోదానిలో చిక్కుడు గింజలు నాటండి. జొన్న కూడా గడ్డిజాతి మొక్కే. మొక్కలు జానెడు ఎత్తు పెరిగాక రెండింటినీ కత్తెరతో మట్టికి ఒక అంగుళం పైన కత్తిరించండి. చిక్కుడు మొక్కను కత్తిరించేటప్పుడు గింజ పప్పులకు కింద కోయాలి. వారం రోజులు నీళ్లు పోస్తూ గమనించండి.

జొన్న మళ్లీ లేస్తుంది, చిక్కుడు లేవదు. కారణం? చిక్కుడు పెరిగే మొగ్గలు పైన ఉంటాయి. వాటిని కోస్తే ఇక ఆశ లేదు. గడ్డి పెరిగే భాగం మొదట్లో, మట్టిని ఆనుకుని ఉంటుంది. పైన మేసినా, ఎండినా, కాలినా కింద ప్రాణం ఉంటుంది. అందుకే జింక ఎంత మేసినా మైదానం బతుకుతుంది. మేసే జంతువే లేత చెట్టు మొలకలను కొరికి, గడ్డికి చోటు ఉంచుతుంది. జింకకు గడ్డి ఆధారం, గడ్డికి జింక ఆసరా. కానీ నాగలితో వేళ్లు పెకలించినా, పైన నీడ కమ్మినా, సిమెంటు పోసినా గడ్డి లేవదు.

రెండో పని మరీ తేలిక. హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని చోట్లకు 'కంచ' అన్న మాట ముందు ఉంటుంది. కంచ గచ్చిబౌలి అన్న పేరు విన్నారు గదా? తెలంగాణ వాడుకలో కంచ అంటే పశువుల మేతకు వదిలిన గడ్డి భూమి. మీ ఊరిలో కంచ, బీడు, మేత పోరంబోకు ఎక్కడుండేవో మీ తాతయ్యనూ నానమ్మనూ అడగండి. అక్కడ ఏ జంతువులు, ఏ పిట్టలు తిరిగేవో రాసుకోండి. ఇప్పుడు అక్కడ ఏముందో చూసి, పక్కనే రాయండి. యాప్రాల్ పిల్లలైనా, శామీర్‌పేట పిల్లలైనా, రోళ్లపాడు పిల్లలైనా ఈ పని చేయవచ్చు. ఖర్చు లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

ఆ పుస్తకం నిండాక మొదట అడిగిన రెండు ప్రశ్నలనూ మళ్లీ వేసుకోండి. అడవి జంతువులు ఎక్కడ ఉంటాయి? చెట్లు లేని నేల దేనికి పనికివస్తుంది? ఈసారి మీ జవాబు వేరుగా ఉంటుంది. ఆ నేలను ఎవరైనా మీ ముందు "బంజరు" అంటే, "కాదండీ, అది కృష్ణజింక ఇల్లు" అని మీరే చెప్పగలరు.